క్యాంపింగ్‌కా, కరెంటు పోయినప్పటికా: పోర్టబుల్ పవర్ స్టేషన్ ఎంచుకునే ముందు తేల్చుకోవలసినవి

క్యాంపింగ్‌కు తీసుకెళ్లవచ్చు, ఇంట్లో కరెంటు పోయినప్పుడూ వాడుకోవచ్చు అన్న రెండు ఆశలతో చాలామంది పోర్టబుల్ పవర్ స్టేషన్ కొనాలనుకుంటారు. ఆశ సబబైనదే, కానీ ఈ రెండు అవసరాలూ ఎంపికను చెరో వైపుకు లాగుతాయి. ఆరుబయట గుడారం వేసుకునేవారికి బరువు తక్కువగా ఉండి, చప్పుడు చేయకుండా, ఎండతో ఛార్జయ్యే పెట్టె కావాలి. ఇంటికైతే బరువు ఎంతున్నా ఫర్వాలేదు గానీ నిల్వ ఎక్కువగా ఉండాలి, మోటారున్న యంత్రాన్ని కూడా తడబడకుండా నడపగలగాలి. ఈ లాగులాటను తేల్చే ప్రశ్న నా దృష్టిలో ఒక్కటే: దాని మీద ఫ్రిజ్ నడపాలా, వద్దా? వద్దనుకుంటే చిన్న పెట్టెతో హాయిగా సరిపెట్టుకోవచ్చు. నడపాలనుకుంటే బరువు, పరిమాణం, ఖర్చు అన్నీ ఒక్కసారిగా రెండింతలు మూడింతలు అవుతాయి.

రెండు అంకెలు, వాటి వెనుక ఉన్న మూడోది

లిథియం బ్యాటరీ, దాన్ని కాపాడే సర్క్యూట్, ఛార్జర్, ఇన్వర్టర్ నాలుగింటినీ ఒకే డబ్బాలో బిగిస్తే అది పవర్ స్టేషన్. దాని మీద రాసి ఉండే అంకెల్లో రెండింటిని విడివిడిగా చూడాలి. వాట్ అవర్లు అంటే లోపల ఎంత విద్యుత్తు నిల్వ ఉందో చెప్పే అంకె. వాట్లు అంటే ఒకే సమయంలో ఎంత లోడ్‌ను భరించగలదో చెప్పే అంకె. బిందెలో ఎన్ని నీళ్లున్నాయన్నది ఒక సంగతి, దాని మూతి ఎంత వెడల్పన్నది మరో సంగతి. 500 వాట్ అవర్ల నిల్వ ఉన్నా ఇన్వర్టర్ 300 వాట్లదే అయితే 1500 వాట్ల ఎలక్ట్రిక్ కెటిల్ దాని మీద ఒక్క నిమిషం కూడా పనిచేయదు.

కొన్ని చిన్న పెట్టెల మీద నిల్వను మిల్లీ ఆంపియర్ అవర్లలో వేసి పెద్ద అంకె చూపిస్తారు. 80,000 అని కనిపించగానే మురిసిపోనక్కర లేదు. దాన్ని బ్యాటరీ సెల్ వోల్టేజి అయిన 3.6తో గుణించి వెయ్యితో భాగిస్తే 288 వాట్ అవర్లు మాత్రమే వస్తాయి. వాట్ అవర్లు ఎక్కడా రాయని పెట్టెను పక్కన పెట్టడమే మంచిది.

ఈ రెండూ సరే, అసలు మోసపోయేది మూడో అంకె దగ్గర. అది ఇన్వర్టర్ తనకోసం తాను తినే విద్యుత్తు. బ్యాటరీలోని డీసీని ఇంటి ప్లగ్గుకు పనికొచ్చే ఏసీగా మార్చడంలో సుమారు 10 నుంచి 15 శాతం వేడిగా పోతుంది కనుక 1000 వాట్ అవర్ల పెట్టె నుంచి చేతికందేది 850 ప్రాంతంలో ఉంటుంది. దీనికి తోడు, ఏమీ తగిలించకపోయినా ఏసీ బటన్ నొక్కి ఉంచినంతసేపూ ఇన్వర్టర్ 10 నుంచి 20 వాట్లు లాగుతూనే ఉంటుంది. 10 వాట్ల వైఫై రూటర్‌ను 1000 వాట్ అవర్ల పెట్టెకు తగిలిస్తే వంద గంటలు నడుస్తుందని కాగితం మీద లెక్క వస్తుంది, కానీ ఏసీ ప్లగ్గు ద్వారా నడిపితే రూటర్ తినే దానికంటే ఇన్వర్టర్ తినేదే ఎక్కువై 40 గంటలకే పెట్టె ఖాళీ కావచ్చు. అదే రూటర్‌ను, దాని అడాప్టర్ మీద 12 వోల్టులని రాసి ఉంటే, సరైన పిన్ ఉన్న వైరుతో నేరుగా 12 వోల్టుల డీసీ పోర్టుకు కలిపితే నడిచే సమయం రెట్టింపు అవుతుంది. చిన్న లోడ్లకు ఏసీ ప్లగ్గు వాడకపోవడమే పవర్ స్టేషన్ వాడకంలో మొదటి పొదుపు. అందుకే పోల్చి చూసేటప్పుడు ఏసీ ప్లగ్గులు ఎన్ని ఉన్నాయన్నదాని కంటే, లాప్‌టాప్‌ను నేరుగా ఛార్జ్ చేయగల 100 వాట్ల యూఎస్‌బీ-సీ పోర్టు, నిలకడగా 12 వోల్టులిచ్చే డీసీ పోర్టు ఉన్నాయా అన్నదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. పెట్టె పక్కన అతికించే దీపం, మొబైల్ యాప్ వంటివి ఉంటే ఉండనీ, లేకపోయినా లోటు లేదు.

గుడారం దగ్గర

బ్యాగు వీపున వేసుకుని నడిచి వెళ్లేవారికి పవర్ స్టేషన్ అక్కర్లేదు. 20,000 మిల్లీ ఆంపియర్ అవర్ల పవర్ బ్యాంకు 74 వాట్ అవర్లను అరకిలోకు మించని బరువులో ఇస్తుంది. రెండు మూడు సార్లు ఫోన్ నింపుకోవడానికి, హెడ్‌ల్యాంప్‌కు అది చాలు. విమానంలో వెళ్లేవారికి కూడా దారి ఇదొక్కటే. ప్రయాణికుడు వెంట తీసుకెళ్లే లిథియం బ్యాటరీకి సాధారణ పరిమితి 100 వాట్ అవర్లు, విమాన సంస్థ ముందుగా అనుమతిస్తే 160 వరకు, కాబట్టి పేరున్న పవర్ స్టేషన్లలో దాదాపు ఏదీ విమానం ఎక్కలేదు.

కారులో వెళ్లి రెండు రాత్రులు గడిపేవారి అవసరాన్ని లెక్క వేసి చూద్దాం. 5 వాట్ల ఎల్‌ఈడీ దీపం రాత్రికి ఐదు గంటల చొప్పున వెలిగితే 50 వాట్ అవర్లు. ఇప్పటి ఫోన్ ఒకసారి పూర్తిగా నిండటానికి నష్టాలతో కలిపి 25 వాట్ అవర్లు కావాలి, కాబట్టి నాలుగు సార్లకు వంద. యూఎస్‌బీతో తిరిగే 5 వాట్ల చిన్న ఫ్యాను రెండు రాత్రులకు 80. కెమెరా బ్యాటరీలకు ఇంకో 30 వేసుకున్నా మొత్తం 260 దాటదు. అంటే 300 వాట్ అవర్ల పెట్టె, నాలుగు కిలోల లోపు బరువుతో, సరిపోతుంది; లాప్‌టాప్ కూడా ఉంటే, లేదా మూడో రాత్రి ఉండే అలవాటుంటే 500 వాట్ అవర్ల తరగతికి, అంటే ఆరేడు కిలోలకు వెళ్లాలి. ఇంతకు మించి కొనేవారు సగం నిల్వను వాడకుండానే ఇంటికి మోసుకొస్తారు.

ఈ లెక్కను తలకిందులు చేసేవి రెండు. మొదటిది 12 వోల్టుల కంప్రెసర్‌తో నడిచే కార్ ఫ్రిజ్. అది నడుస్తున్నప్పుడు 40 నుంచి 60 వాట్లే తీసుకున్నా, వేడి వాతావరణంలో తరచుగా నడుస్తూ రోజుకు 400 నుంచి 600 వాట్ అవర్లు తినేస్తుంది, కనుక అది ఉంటే 1000 వాట్ అవర్ల పెట్టె, దానితో పాటు సోలార్ ప్యానెల్ ఉండాల్సిందే. రెండోది నీళ్లు కాచడం, వంట చేయడం. 25 డిగ్రీల దగ్గర ఉన్న లీటరు నీటిని మరిగించడానికి సిద్ధాంతం ప్రకారమే 87 వాట్ అవర్లు అవసరం, నష్టాలు కలిపితే వంద దాటుతుంది. పొద్దున రెండు సార్లు నీళ్లు కాగేసరికి 300 వాట్ అవర్ల పెట్టె అడుగంటుతుంది. వేడి పుట్టించే పని ఏదైనా గ్యాస్ స్టవ్‌కు వదిలేయడం తెలివైన పని. కొన్ని పెట్టెలు తమ సామర్థ్యానికి మించిన హీటర్‌ను కూడా నడుపుతామని ప్రకటిస్తాయి. అవి చేసేదల్లా వోల్టేజి తగ్గించి ఇవ్వడమే, దానివల్ల కాయిల్ నెమ్మదిగా వేడెక్కుతుంది. ఆ సదుపాయం ఉత్త కాయిల్ ఉన్న వస్తువులకే తప్ప మోటార్లకు, ఎలక్ట్రానిక్ పరికరాలకు వాడదగినది కాదు.

కరపత్రాల్లో కనిపించని ఇంకో విషయం కూలింగ్ ఫ్యాను చప్పుడు. పగలు వినిపించనే వినిపించని ఆ శబ్దం, నిశ్శబ్దమైన రాత్రి తలగడకు రెండడుగుల దూరంలో ఉన్నట్టుండి మొదలైతే నిద్ర పట్టదు. ఏసీ ప్లగ్గుల బటన్ ఆపేసి యూఎస్‌బీ మీదే నడిపితే చాలా పెట్టెల్లో ఫ్యాను తిరగాల్సిన అవసరమే రాదు. మంచు, తడి నేల విషయంలోనూ జాగ్రత్త పడాలి. ఎక్కువ మోడళ్లు నీటిని తట్టుకునేలా చేసినవి కావు కాబట్టి చెక్క పలక మీదో, ఖాళీ డబ్బా మీదో ఎత్తుగా పెట్టాలి.

ఇంట్లో కరెంటు పోయినప్పుడు

ఇంటి విషయంలో ముందు అడగవలసింది ఎన్ని గంటలు పోతుందని. సాయంత్రం నాలుగు గంటలు పోతుందనుకుందాం. 9 వాట్ల బల్బులు మూడు, రూటర్ ఒకటి, 50 వాట్ల లాప్‌టాప్ ఒకటి, మామూలు సీలింగ్ ఫ్యాను తీసుకునేటంత, అంటే 75 వాట్లు, తీసుకునే ఫ్యాను ఒకటి కలిపితే 160 వాట్ల పైచిలుకు. నాలుగు గంటలకు నష్టాలతో సహా 750 వాట్ అవర్లు. ఆ ఫ్యాను స్థానంలో బ్రష్‌లు లేని డీసీ మోటారుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే అదే సాయంత్రం 550 లోపే గడిచిపోతుంది. పెద్ద పెట్టె కొనడం కంటే తక్కువ తినే ఫ్యాను కొనడం లాభసాటి అని ఈ చిన్న లెక్క చెబుతుంది.

మరి ఫ్రిజ్? తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్‌లోని ఆహారం సుమారు నాలుగు గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్‌లోనిది 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుందని ఆహార భద్రతా సలహాలు చెబుతాయి. అంటే మూడు నాలుగు గంటల కోతలకు భయపడి ఫ్రిజ్ కోసం పెద్ద పెట్టె కొనడం అనవసరం. తుఫాన్లకో, లైన్లు తెగినప్పుడో ఒక పూట దాటి కరెంటు రాని ఇళ్లకే ఆ అవసరం నిజంగా ఉంటుంది.

అలాంటి ఇళ్లలో చూడవలసింది కంప్రెసర్ మొదలయ్యే క్షణం. నడుస్తున్నప్పుడు 100 నుంచి 150 వాట్లే తీసుకునే ఫ్రిజ్, పాత పద్ధతి కంప్రెసర్ అయితే, మొదలయ్యేటప్పుడు సెకనులో కొంత భాగం పాటు దానికి అనేక రెట్లు లాగుతుంది. 300 వాట్ల ఇన్వర్టర్ అక్కడే ఓవర్‌లోడ్ చూపించి ఆగిపోతుంది. నిలకడగా 1000 వాట్లు, క్షణకాలానికి దానికి రెట్టింపు ఇవ్వగల ఇన్వర్టర్‌తో సాధారణంగా ఇబ్బంది ఉండదు. ఇన్వర్టర్ కంప్రెసర్ ఉన్న కొత్త ఫ్రిజ్‌లు నెమ్మదిగా వేగం పుంజుకుంటాయి కనుక అవి ఇంకా మెతకగా ప్రవర్తిస్తాయి. మంచు కట్టకుండా చేసే హీటర్ ఉన్న ఫ్రిజ్‌లు మాత్రం అప్పుడప్పుడు కంప్రెసర్ కంటే ఎక్కువ వాట్లు అడుగుతాయి. రోజు మొత్తానికి ఇంటి ఫ్రిజ్ దాని పరిమాణాన్ని, వేడిని బట్టి దాదాపు ఒక యూనిట్, అంటే 1000 వాట్ అవర్లు తీసుకుంటుందని అంచనా వేసుకుంటే, ఒక పగలూ రాత్రీ గడవడానికి దీపాలతో కలిపి 2000 వాట్ అవర్ల పెట్టె కావాలి. దాని బరువు 20 కిలోలకు పైమాటే. ఆ పెట్టెను ప్రతి వారాంతం కారులోకి ఎక్కించి దించుతామని అనుకునేవారు ముందు అంత బరువున్న సంచిని ఒకసారి ఎత్తి చూడాలి.

ఎయిర్ కండిషనర్, గీజర్, ఇండక్షన్ స్టవ్, నీళ్ల మోటారు ఈ తరగతి పెట్టెల పని కాదు. ఒక హార్స్ పవర్ మోటారు నడుస్తున్నప్పుడే 1000 వాట్ల దాకా తీసుకుంటుంది, మొదలయ్యేటప్పుడు దానికి ఎన్నో రెట్లు. నీళ్లను ముందే పట్టి ఉంచుకోవడం కంటే చౌకైన ఏర్పాటు లేదు.

వైద్య పరికరాల సంగతి వేరుగా ఆలోచించాలి. నిద్రలో శ్వాస కోసం వాడే సీప్యాప్ యంత్రం, గాలిని తడిపే హీటర్ ఆపితే, 30 నుంచి 40 వాట్లతో రాత్రంతా నడుస్తుంది. తయారీదారు ఇచ్చే డీసీ అడాప్టర్‌తో 500 వాట్ అవర్ల పెట్టె నిశ్చింతగా సరిపోతుంది. నిమిషానికి ఐదు లీటర్ల ఆక్సిజన్ కాన్సెంట్రేటర్ మాత్రం 300 వాట్లు దాటుతుంది, ఎనిమిది గంటలకే 2400 వాట్ అవర్లు అడుగుతుంది. అలాంటి రోగి ఉన్న ఇంట్లో పవర్ స్టేషన్ ఒక్కదాన్నే నమ్ముకోకుండా వైద్యుడి సలహాతో ఆక్సిజన్ సిలిండర్ కూడా సిద్ధంగా ఉంచుకోవాలి.

కరెంటు పోగానే తానే అందుకుంటుందని చెప్పే మోడళ్లు చాలావరకు 10 నుంచి 30 మిల్లీ సెకన్లలో మారతాయి. రూటర్‌కు, టీవీకి, ఫ్రిజ్‌కు అది లెక్కలోది కాదు. డెస్క్‌టాప్ కంప్యూటర్ పవర్ సప్లై మాత్రం పూర్తి లోడ్‌లో సుమారు 16 మిల్లీ సెకన్లే తట్టుకునేలా తయారవుతుంది, కాబట్టి 30 మిల్లీ సెకన్ల పెట్టెతో అది రీస్టార్ట్ అయ్యే అవకాశం ఉంది.

ఇన్వర్టర్ ఉండగా ఇది ఎందుకు?

సొంత ఇల్లుండి, రోజూ కరెంటు పోయే పరిస్థితి ఉంటే, ఇంటి వైరింగుకు కలిపే ఇన్వర్టర్, లెడ్ యాసిడ్ బ్యాటరీ జతే ఇప్పటికీ మెరుగైన ఎంపిక. కరెంటు పోయిన సంగతి కూడా తెలియకుండా గదుల్లోని దీపాలు, సీలింగ్ ఫ్యాన్లు నడుస్తాయి, వైర్లు లాగి తగిలించే పని ఉండదు. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 1800 వాట్ అవర్లని లెక్కకు వచ్చినా, సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే దాని ఆయువు త్వరగా తరిగిపోతుంది; 50 కిలోల పైబడిన బరువు, డిస్టిల్డ్ వాటర్ పోయడం, గాలి ఆడే చోటు కావాల్సి రావడం దాని ఇబ్బందులు. అద్దె ఇళ్లలో ఉండేవారికి, ఏటా కొద్దిసార్లే కరెంటు పోయే చోట ఉండేవారికి, ఎక్కడికైనా మోసుకెళ్లాలనుకునేవారికి పవర్ స్టేషన్ నప్పుతుంది.

జనరేటర్‌ది మరో దారి. రోజుల తరబడి కరెంటు రాకపోతే పెట్రోలు పోసినంత కాలం నడిచేది అదొక్కటే, కానీ దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు. ఇంట్లో, బాల్కనీలో, తలుపు తీసి ఉన్న గ్యారేజీలో కూడా దాన్ని నడపరాదు. కిటికీలకు, తలుపులకు కనీసం ఆరు మీటర్ల దూరంలో ఆరుబయటే ఉంచాలి. గుడారం పక్కన నడపడం కూడా అంతే ప్రమాదం. పెద్ద విపత్తులకు ఆస్కారమున్న చోట నాకు నచ్చే ఏర్పాటు రెండింటినీ కలపడం: పగలు రెండు గంటలు జనరేటర్ నడిపి పవర్ స్టేషన్‌ను నింపి, రాత్రంతా పొగ, చప్పుడు లేకుండా దానితో గడపడం.

ఏ పరికరంతోనైనా చేయకూడని పని ఒకటుంది. రెండు వైపులా ప్లగ్గులున్న వైరుతో గోడ సాకెట్టులోకి కరెంటు ఎక్కించి ఇల్లంతా వెలిగించాలని చూడటం ప్రాణాంతకం. బయటి లైను మీద పనిచేసే కార్మికుడికి షాకు తగలవచ్చు. కరెంటు తిరిగి వచ్చిన క్షణంలో పెట్టె కాలిపోవచ్చు. ఇంటి వైరింగుకు కలపాలంటే బయటి లైను, పెట్టె రెండింటిలో ఒక్కదాన్నే ఒకసారి ఇంటికి కలిపే ఛేంజ్ ఓవర్ స్విచ్‌ను ఎలక్ట్రీషియన్ చేత పెట్టించుకోవాలి.

బ్యాటరీ రకం, సోలార్

లిథియం బ్యాటరీల్లో ఈ పెట్టెల్లో కనిపించేవి ముఖ్యంగా రెండు. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకం అదే నిల్వను తక్కువ బరువులో ఇస్తుంది, ఐదు వందల నుంచి వెయ్యి సైకిళ్ల (ఒకసారి పూర్తిగా నింపి ఖాళీ చేస్తే ఒక సైకిల్) తర్వాత సామర్థ్యం 80 శాతానికి పడిపోతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం కొంత బరువెక్కువ, కానీ రెండు వేల నుంచి నాలుగు వేల సైకిళ్లు నిలుస్తుంది, వేడెక్కినప్పుడు అంత తేలికగా అదుపు తప్పదు. ఈ రెండో రకాన్ని 1990ల్లో రూపొందించిన టెక్సాస్ విశ్వవిద్యాలయ బృందానికి నాయకుడైన జాన్ గుడినఫ్, లిథియం అయాన్ బ్యాటరీలపై కృషికి 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఒకరు. అమ్మకందారులు సైకిళ్ల సంఖ్యనే గొప్పగా చెబుతారు గానీ, ఏడాదికి ఇరవై సార్లు వాడేవారికి ఐదు వందల సైకిళ్లు కూడా పాతికేళ్లకు సరిపోయేవి, అంతకు ముందే బ్యాటరీ వయసు మీద పడి బలహీనమవుతుంది. నేను ఐరన్ ఫాస్ఫేట్ వైపే మొగ్గడానికి కారణం భద్రత: పడక గదిలో రాత్రంతా ఉండే వస్తువు అది. దానికీ ఒక లోపముంది, సున్నా డిగ్రీల కంటే చలిలో ఛార్జ్ చేయకూడదు.

సోలార్ ప్యానెల్ విషయంలో వాట్లను నమ్మి మోసపోకూడదు. 100 వాట్ల ప్యానెల్ మంచి ఎండలో 60 నుంచి 80 వాట్లు ఇస్తే చాలనుకోవాలి. రోజుకు 300 నుంచి 400 వాట్ అవర్లు రావచ్చు, మబ్బు పడితే అందులో కొద్ది భాగమే. ఒక కొమ్మ నీడ ప్యానెల్ మూల మీద పడినా ఉత్పత్తి బాగా పడిపోతుంది. ప్యానెల్ ఎండలో, పెట్టె నీడలో ఉండాలి కాబట్టి పొడవైన వైరు ఉండటం మేలు. రెండు ప్యానెళ్లను సిరీస్‌లో, అంటే ఒకదాని ప్లస్‌ను మరోదాని మైనస్‌కు తగిలించి, కలిపితే వోల్టేజీలు కూడతాయన్నది మరచిపోరాదు: ఒక్కొక్కటి 22 వోల్టులైతే మొత్తం 44, చలిలో ఇంకొంచెం ఎక్కువ. 30 వోల్టులే భరించే పెట్టెకు వాటిని తగిలిస్తే లోపలి ఛార్జర్ చెడిపోవచ్చు. వాట్లు ఎక్కువైతే పెట్టె తనకు కావలసినంతే తీసుకుంటుంది, వోల్టులు ఎక్కువైతే మాత్రం క్షమించదు.

కొనే ముందు, కొన్న వెంటనే

గోడ ప్లగ్గులోలాంటి సాఫీ తరంగాన్నిచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం కాని ఇన్వర్టర్‌ను, మీ దేశపు వోల్టేజికి, ఫ్రీక్వెన్సీకి సరిపడని మోడల్‌ను, రవాణా భద్రతకు సంబంధించిన యూఎన్ 38.3 పరీక్ష వివరం లేని బ్యాటరీని, దగ్గరలో రిపేరు చేసేవారు లేని బ్రాండును జాబితా నుంచి తీసేస్తే చాలా పెట్టెలు అక్కడే రాలిపోతాయి. మిగిలిన వాటిలో ఫ్రిజ్ అక్కర్లేనివారు 500 నుంచి 750 వాట్ అవర్ల మధ్య ఆగవచ్చు. రెండు పనులకూ ఒకటే కావాలనేవారికి 1000 వాట్ అవర్లు, 1000 వాట్లకు తగ్గని ఇన్వర్టర్ ఉన్న 12 కిలోల ప్రాంతపు పెట్టె నడిమి మార్గం. ఫ్రిజ్‌ను రోజంతా నడపవలసి వచ్చి, క్యాంపింగ్‌కూ వెళ్లేవారు ఒకే 2000 బదులు రెండు 1000లు తీసుకోవడం గురించి ఆలోచించాలి: ఒకటి ఫ్రిజ్ దగ్గర ఉంటుంది, ఒకటి కారులోకి వెళ్తుంది, ఒకటి చెడినా మరొకటి మిగులుతుంది. భారీ లోడ్‌ను ఒక్కటే మోయలేకపోవడం ఇందులోని నష్టం.

వాడని రోజుల్లో సగానికి కొంచెం పైన ఛార్జితో, వేడి తగలని చోట ఉంచి, మూడు నెలలకోసారి చూసుకోవాలి. తుఫాను హెచ్చరిక వస్తే అప్పుడు పూర్తిగా నింపుకోవచ్చు. పెట్టె ఇంటికి వచ్చిన వారంలోనే, కరెంటు ఉన్న రోజునే, ఫ్రిజ్ ప్లగ్గు తీసి దానికి తగిలించి ఒక పూట నడిపి చూడాలి. కంప్రెసర్ మొదలయ్యే క్షణంలో తెరపై వాట్ల అంకె ఎగిరి దిగుతుందా, లేక ఓవర్‌లోడ్ అని ఆగిపోతుందా, ఆరు గంటల తర్వాత ఎంత శాతం మిగిలింది అన్నవి రాసిపెట్టుకుంటే, మీ లెక్క సరిపోయిందో లేదో తిరిగి ఇచ్చే గడువు ముగియక ముందే తెలుస్తుంది.